వాయిస్ గేట్‌వేలో ఒక్క కాల్‌ను పట్టుకోవడం: ట్రేసింగ్, లాగింగ్ అమర్చే పద్ధతి

ఫోన్ల విషయంలో ఫిర్యాదు ఎప్పుడూ కాల్ అయిపోయాకే వస్తుంది. "పొద్దున పదింటప్పుడు మాట్లాడుతుంటే తెగిపోయింది" అంటారు, "అవతలి వాళ్ల మాట అసలు వినిపించలేదు" అంటారు. ఏ నంబరుకు చేశారో సరిగ్గా గుర్తుండదు. మీరు గేట్‌వేలోకి (ఆఫీసు ఫోన్లను బయటి లైన్లతో కలిపే పరికరం) లాగిన్ అయ్యేసరికి ఆ కాల్ ఆనవాలు ఉండదు, ముందే ఏర్పాటు చేసి పెట్టుకుంటే తప్ప. వేల కాల్స్ మధ్య నుంచి ఆ ఒక్క కాల్‌ను మొదటి ఇన్వైట్ (కాల్ మొదలుపెట్టే మెసేజ్) నుంచి చివరి బై (కాల్ ముగించే మెసేజ్) దాకా తెగకుండా బయటికి తీయగలగాలి. లాగింగ్‌లో మనం చేసే ప్రతి అమరికనూ ఈ ఒక్క అవసరంతోనే కొలవాలి. లాగ్ ఎంత పెద్దదన్నది ముఖ్యం కాదు.

సిస్కో ఐఓఎస్ ఎక్స్‌ఈ మీద నడిచే వాయిస్ గేట్‌వేను, అంటే ఐఎస్‌డీఎన్ (పాత డిజిటల్ ఫోన్ లైను) గేట్‌వే గానీ సిప్ ట్రంకుల (ఐపీ నెట్‌వర్క్ మీద కాల్స్ మోసే లైన్లు) మధ్య కూర్చునే క్యూబ్ (సిస్కో ఎస్‌బీసీ) గానీ, ఉదాహరణగా తీసుకుంటున్నాను. వేరే కంపెనీ ఎస్‌బీసీ (రెండు ఫోన్ నెట్‌వర్క్‌ల సరిహద్దులో కాల్స్ నడిపే పరికరం) వాడుతుంటే కమాండ్లు మారతాయి. పని చేసే వరస మాత్రం ఇదే.

## ముందు గడియారం సరిచేయండి

చాలామంది నేరుగా డీబగ్‌లోకి (లోపల జరిగేదాన్ని లైను లైనుగా లాగ్ చేయించే కమాండ్లు) దూకుతారు. గడియారం తప్పుంటే ఆ తర్వాత చేసిన పనంతా వృథా. మీ గేట్‌వే లాగ్‌ను కాల్ మేనేజర్ (ఆఫీసు ఫోన్లను నడిపే సర్వర్) లాగ్‌తోనూ, ట్రంక్ ఇచ్చిన కంపెనీ లాగ్‌తోనూ పక్కపక్కన పెట్టి చదవాలి. వాటిని ముందుగా కలిపేది టైమే. దాన్ని సరిగ్గా ఉంచేది ఎన్‌టీపీ, అంటే నెట్‌వర్క్ ద్వారా గడియారం సరిచేసే పద్ధతి.

ఎన్‌టీపీ సర్వర్ 192.0.2.5
సర్వీస్ టైమ్‌స్టాంప్స్ డీబగ్ డేట్‌టైమ్ ఎంసెక్ లోకల్‌టైమ్ షో-టైమ్‌జోన్
సర్వీస్ టైమ్‌స్టాంప్స్ లాగ్ డేట్‌టైమ్ ఎంసెక్ లోకల్‌టైమ్ షో-టైమ్‌జోన్
సర్వీస్ సీక్వెన్స్-నంబర్స్

మిల్లీసెకన్లు ఎందుకంటే, సిప్‌లో టీ1 టైమర్ (జవాబు కోసం మొదట ఆగే సమయం) 500 మిల్లీసెకన్లు. యూడీపీ (చేరిందన్న హామీ లేని రవాణా) మీద పంపిన ఇన్వైట్‌కు జవాబు రాకపోతే అర సెకనుకు మళ్లీ పంపుతుంది, ఆపైన ఒక సెకను, రెండు, నాలుగు అని విరామం రెట్టింపవుతూ పోతుంది. సెకన్ల వరకే టైమ్ ఉంటే, మీరు చూస్తున్నది కొత్త కాలా, పాత ఇన్వైట్ మళ్లీ వెళ్లిందా తేల్చుకోవడం కష్టం. పరికరాలు వేర్వేరు టైమ్‌జోన్లలో ఉంటే లోకల్‌టైమ్ తీసేసి అన్నిటినీ యూటీసీలో పెట్టడమే మేలు.

"షో ఎన్‌టీపీ స్టేటస్"లో గడియారం సింక్ అయిందో లేదో చూడండి. లాగ్ లైన్లలోనే ఇంకో గుర్తు ఉంటుంది: టైమ్ ముందు నక్షత్రం గుర్తు ఉంటే ఆ గడియారాన్ని నమ్మడానికి లేదు. చుక్క ఉంటే ఒకప్పుడు సరిచేసుకున్న గడియారమే, ప్రస్తుతం ఎన్‌టీపీతో సింక్ పోయిందన్నమాట.

ఆఖరి కమాండు ప్రతి లైనుకూ వరస నంబరు వేస్తుంది. ఏదో మెసేజ్ రాలేదని నిర్ధారించే ముందు, ఆ చోట నంబర్లు వరసగా ఉన్నాయా, మధ్యలో లైన్లు జారిపోయాయా చూడాలి. రాని మెసేజ్ వేరు, వచ్చినా లాగ్‌లోకి ఎక్కని మెసేజ్ వేరు.

## లాగ్ ఎక్కడికి వెళ్లాలి

నో లాగింగ్ కన్సోల్
నో లాగింగ్ మానిటర్
లాగింగ్ బఫర్డ్ 10000000 డీబగ్గింగ్
లాగింగ్ రేట్-లిమిట్ 10000
నో లాగింగ్ క్యూ-లిమిట్

కన్సోల్‌ను ఆపడంలో మొహమాటపడకండి. మామూలుగా కన్సోల్ వేగం సెకనుకు 9600 బిట్లు, అంటే దాదాపు 960 అక్షరాలు. ఎస్‌డీపీతో (ఆడియో వివరాలు చెప్పే భాగం) కలిసి ఒక ఇన్వైట్ 1500 బైట్లు ఉంటే, అది కన్సోల్ మీద పూర్తిగా రావడానికే సెకనున్నర పడుతుంది. ఇన్వైట్లు ఆగకుండా వస్తున్నప్పుడు వాటన్నిటినీ కన్సోల్‌కు పంపిస్తే సీపీయూ దాని వెనకే నలిగిపోతుంది, మామూలుగా నడుస్తున్న కాల్స్ దెబ్బతింటాయి. టెర్మినల్ మానిటర్ కూడా పని వేళల్లో వద్దు. బఫర్‌లోకి పోనిచ్చి తర్వాత తీసుకోండి.

బఫర్ సైజు లెక్క వేసి పెట్టాలి. చాలా పరికరాల్లో ముందుగా ఉండేది 4096 బైట్లు, ఒక్క కాల్‌కు కూడా చాలదు. క్యూబ్ గుండా పోయే మామూలు కాల్‌లో రెండు లెగ్‌లు: లోపలికి వచ్చేది ఒకటి, బయటికి పోయేది ఒకటి. ఒక్కో లెగ్‌లో ఇన్వైట్, ట్రైయింగ్, రింగింగ్, 200 ఓకే (ఒప్పుకున్నామన్న జవాబు), యాక్ (అది అందిందన్న మెసేజ్), బై, మళ్లీ 200 ఓకే, మొత్తం ఏడు మెసేజ్‌లు. రెండు లెగ్‌లకు పద్నాలుగు. సగటున 800 బైట్లు వేసుకుంటే కాల్‌కు 11 వేల బైట్లు దాటుతాయి. కోటి బైట్ల బఫర్‌లో ఇలాంటివి దాదాపు 900 పడతాయి. సెకనుకు రెండు కొత్త కాల్స్ వచ్చే గేట్‌వేలో ఏడున్నర నిమిషాలు తిరగకుండానే పాత లైన్ల మీద కొత్తవి వచ్చి పడతాయి. ఆప్షన్స్ పింగ్‌లు (అవతలివైపు బతికుందా అని అడిగే మెసేజ్‌లు), రిజిస్ట్రేషన్లు కలిస్తే ఇంకా తొందరగా. అందుకే మీ సొంత లెక్క చూసుకుని, "షో మెమరీ స్టాటిస్టిక్స్"లో ఖాళీ ఎంతుందో చూసి మరీ పెంచండి. రీలోడ్ అయితే బఫర్ మొత్తం పోతుందని కూడా గుర్తుంచుకోండి.

రోజుల తరబడి నిలవ ఉండాల్సింది సిస్‌లాగ్ సర్వర్‌కు (లాగ్‌లను నెట్‌వర్క్ మీద అందుకుని దాచే కంప్యూటర్) వెళ్లాలి.

లాగింగ్ హోస్ట్ 192.0.2.20
లాగింగ్ సోర్స్-ఇంటర్‌ఫేస్ లూప్‌బ్యాక్0
లాగింగ్ ట్రాప్ ఇన్ఫర్మేషనల్

సిస్‌లాగ్‌లో తీవ్రత 0 నుంచి 7 వరకు. ఇన్ఫర్మేషనల్ 6, డీబగ్గింగ్ 7. మామూలు రోజుల్లో 6 దగ్గరే ఉంచండి. డీబగ్‌ను కూడా సర్వర్‌కు పంపాల్సి వస్తే ఆ కాసేపటికే 7 చేసి, పని కాగానే వెనక్కి తేవాలి. పోర్ట్ 514 మీద యూడీపీలో పోయే సిస్‌లాగ్‌కు చేరిందన్న హామీ లేదు. పాత ఆర్ఎఫ్‌సీ (ఇంటర్నెట్ పద్ధతులు చెప్పే పత్రం) 3164 ప్రకారం ప్యాకెట్ 1024 బైట్లు దాటకూడదు కాబట్టి పెద్ద ఇన్వైట్ సర్వర్‌లో ముక్కలుగానో, చివర తెగిపోయో కనిపించవచ్చు. సిప్ మెసేజ్‌ల విషయంలో నేను బఫర్‌నే నమ్ముతాను, కాల్ రికార్డులకు సిస్‌లాగ్‌ను వాడతాను.

## ఎప్పుడూ నడుస్తూ ఉండాల్సినవి

కొన్ని అమరికలు తేలికైనవి. పగలూ రాత్రీ ఆన్‌లో ఉన్నా పరికరానికి భారం కావు. ఫిర్యాదు వచ్చినప్పుడు మొదట అక్కరకొచ్చేవి ఇవే.

వాయిస్ ఐఈసీ సిస్‌లాగ్
జీడబ్ల్యూ-అకౌంటింగ్ సిస్‌లాగ్
డయల్-కంట్రోల్-ఎంఐబీ మ్యాక్స్-సైజ్ 500
డయల్-కంట్రోల్-ఎంఐబీ రిటైన్-టైమర్ 120

మొదటిది గేట్‌వే తనంతట తాను కాల్‌ను తెంచినప్పుడు లోపలి ఎర్రర్ కోడ్‌ను (ఐఈసీ) లాగ్ చేస్తుంది. చుక్కలతో విడదీసిన అంకెలు కనిపిస్తాయి. వాటిని "షో వాయిస్ ఐఈసీ డిస్క్రిప్షన్" పక్కన పెడితే అర్థం చెబుతుంది. తప్పు మన పెట్టెదా, అవతలి వాళ్లదా అన్న ప్రశ్నకు ఇంత సూటిగా జవాబిచ్చేది ఇంకొకటి లేదు.

రెండోది ప్రతి కాల్ లెగ్ ముగిశాక సెటప్ టైమ్, కనెక్ట్ టైమ్, డిస్‌కనెక్ట్ టైమ్, కారణంతో ఒక లైను రాస్తుంది. ఇందులో ఒక ఉచ్చు ఉంది: డిస్‌కనెక్ట్ కాజ్ హెక్సాడెసిమల్‌లో (16 ఆధారంగా లెక్కించే అంకెల్లో) ఉంటుంది. అక్కడ 10 అని ఉంటే క్యూ.850 పట్టికలో (కాల్ తెగిన కారణాలకు నంబర్లిచ్చేది) 16 అని చదవాలి, అంటే మామూలుగా పెట్టేసిన కాల్. 11 ఉంటే 17, అవతల లైను బిజీ.

మిగిలిన రెండు "షో కాల్ హిస్టరీ వాయిస్ బ్రీఫ్"లో కనిపించే చరిత్రను పెంచుతాయి. మామూలుగా 50 రికార్డులు, 15 నిమిషాలే నిలవ ఉంటాయి. ఫిర్యాదు మీ దాకా రావడానికే అంతకంటే ఎక్కువ సేపు పడుతుంది.

ఐఓఎస్ ఎక్స్‌ఈ 17 శ్రేణిలోని కొత్త వెర్షన్లలో వీఓఐపీ ట్రేస్ అనే సదుపాయం వచ్చింది. "వాయిస్ సర్వీస్ వీఓఐపీ" కింద "ట్రేస్" అని ఉంటుంది. డీబగ్ ఆన్ చేయకుండానే సిప్ కాల్స్ మెసేజ్‌లను, లోపలి ఘటనలను కాల్ వారీగా మెమరీలో దాచుతుంది. "షో వీఓఐపీ ట్రేస్ కవర్-బఫర్స్" అంటే ఉన్న కాల్స్ జాబితా వస్తుంది. అందులో మీకు కావలసిన కాల్ ఐడీ తీసుకుని "షో వీఓఐపీ ట్రేస్ కాల్-ఐడీ" అంటే ఆ కాల్ మాత్రమే, వేరే కాల్స్ కలవకుండా, మొత్తం వస్తుంది. ఎంత మెమరీ వాడాలో "మెమరీ-లిమిట్"తో మీరే చెప్పొచ్చు. మీ వెర్షన్‌లో ఇది ఉంటే దీన్నే మొదటి ఆయుధంగా పెట్టుకోండి. ఐఎస్‌డీఎన్, అనలాగ్ లెగ్‌లకు మాత్రం పాత డీబగ్‌లు తప్పవు.

## ఏ డీబగ్ ఎప్పుడు

సిప్ సంభాషణ చూడాలంటే "డీబగ్ సీసీసిప్ మెసేజెస్". పదింట ఎనిమిది సమస్యలకు ఇదొక్కటే చాలు. "డీబగ్ సీసీసిప్ ఆల్" పేరు చూసి ఆశపడకండి. రద్దీ వేళ దాన్ని ఆన్ చేస్తే బఫర్ నిమిషాల్లో నిండిపోతుంది, సీపీయూ పైకెక్కుతుంది.

కాల్ ఏ డయల్ పీర్ (కాల్‌ను ఎలా తీసుకోవాలో, ఎటు పంపాలో చెప్పే నియమం) మీద లోపలికి వచ్చింది, దేని మీద బయటికి పోయింది, నంబరు మార్పులు ఎక్కడ జరిగాయి అన్నవి "డీబగ్ వీఓఐపీ సీసీఏపీఐ ఇన్‌అవుట్"లో తెలుస్తాయి. ఇన్‌కమింగ్ డయల్ పీర్ 0 అని కనిపిస్తే అక్కడే ఆగండి. మీరు రాసిన డయల్ పీర్‌లలో ఏదీ కలవలేదని దానర్థం. డయల్ పీర్ 0లో మీ కోడెక్ (మాటను డిజిటల్‌గా మార్చే పద్ధతి), మీ డీటీఎంఎఫ్ రిలే (నొక్కిన అంకెలను అవతలికి పంపే పద్ధతి) ఏవీ ఉండవు. కాల్ కలిసినా అంకెలు నొక్కితే పని చేయకపోవడానికి తరచూ కనిపించే మూలం ఇదే.

ఐఎస్‌డీఎన్ అయితే "డీబగ్ ఐఎస్‌డీఎన్ క్యూ931". కారణం ఇక్కడా హెక్స్‌లోనే, ఇంకో మెలికతో ఉంటుంది. 8090 అని వస్తే చివరి రెండంకెలు 90 తీసుకుని అందులోంచి హెక్స్ 80 తీసేయండి, మిగిలేది హెక్స్ 10, అంటే 16. 8081 అయితే 1, ఆ నంబరే లేదు. 80ఏ2 అయితే 34, ఖాళీ ఛానల్ దొరకలేదు. డీటీఎంఎఫ్ అంకెలు ఆర్‌టీపీలో (మాటను మోసే ప్యాకెట్లు) వస్తున్నాయా అని చూడటానికి "డీబగ్ వీఓఐపీ ఆర్‌టీపీ సెషన్ నేమ్డ్-ఈవెంట్" ఉంది.

## వడపోత

రద్దీగా ఉన్న గేట్‌వే మీద డీబగ్ తప్పనిసరైతే, ఒక్క నంబరుకే పరిమితం చేయండి.

కాల్ ఫిల్టర్ మ్యాచ్-లిస్ట్ 1 వాయిస్
 ఇన్‌కమింగ్ కాలింగ్-నంబర్ 4102

ఎగ్జెక్ మోడ్‌లోకి వచ్చి "డీబగ్ కండిషన్ మ్యాచ్-లిస్ట్ 1 ఎగ్జాక్ట్-మ్యాచ్" అనండి. ఆ తర్వాతే డీబగ్‌లు ఆన్ చేయాలి. ఈ వరస తప్పితే వడపోత పడేలోపే వరద వచ్చేస్తుంది. 4102 నుంచి ఒక కాల్, వేరే ఫోన్ నుంచి ఒక కాల్ చేయించి చూడండి: మొదటిది లాగ్‌లో ఉండాలి, రెండోది ఉండకూడదు. నంబరు గేట్‌వేకు ఏ రూపంలో వస్తుందో కూడా ముందే చూసుకోవాలి. ముందు ప్లస్ గుర్తు ఉన్న నంబరుకు మీరు ప్లస్ లేకుండా రాస్తే ఎగ్జాక్ట్-మ్యాచ్ కలవదు.

## కాల్‌ను పట్టే వరస

మొదట "షో ప్రాసెసెస్ సీపీయూ సార్టెడ్" చూడండి. పరికరం అప్పటికే అవస్థ పడుతుంటే డీబగ్ వద్దు, రద్దీ తగ్గేదాకా ఆగండి. తర్వాత "క్లియర్ లాగింగ్"తో బఫర్ ఖాళీ చేయండి. మరో సెషన్ తెరిచి అందులో "అన్‌డీబగ్ ఆల్" టైప్ చేసి, ఎంటర్ కొట్టకుండా సిద్ధంగా ఉంచండి. అవసరమైతే ఒక్క మీటతో ఆగుతుంది.

డీబగ్‌లు ఆన్ చేసి టెస్ట్ కాల్ చేయించండి. ఎవరు ఎవరికి చేశారు, ఏ సెకనుకు చేశారు, ఏం వినిపించింది అన్నది అప్పటికప్పుడే రాసుకోండి. కాల్ ముగిశాక రెండు మూడు సెకన్లు ఆగి "అన్‌డీబగ్ ఆల్" కొట్టండి, వెంటనే ఆపేస్తే చివరి బై జవాబు చిక్కకపోవచ్చు. ఆపైన "టెర్మినల్ లెంగ్త్ 0", "షో లాగింగ్", సెషన్ మొత్తం ఫైల్‌లోకి. బఫర్ పెద్దదైతే తెరమీద పారించకుండా "షో లాగింగ్ | రీడైరెక్ట్ బూట్‌ఫ్లాష్:" అని ఫైల్ పేరిచ్చి, ఆ ఫైల్‌ను కాపీ చేసుకోండి. "షో లాగింగ్" మొదటి లైన్లలో డ్రాప్ అయిన, రేట్-లిమిట్ అయిన మెసేజ్‌ల లెక్క ఉంటుంది. అక్కడ సున్నా లేకపోతే ఆ ట్రేస్‌లో కన్నాలున్నట్టే.

ఎప్పుడో ఒకసారి వచ్చి పోయే సమస్యకు మనం కాపలా కూర్చోలేం. ఆ పని ఈఈఎం యాప్లెట్‌కు (ఏదైనా ఘటన జరగగానే కమాండ్లు నడిపే చిన్న స్క్రిప్టు) అప్పగించాలి.

ఈవెంట్ మేనేజర్ యాప్లెట్ కాల్‌ఫెయిల్
 ఈవెంట్ సిస్‌లాగ్ ప్యాటర్న్ "వాయిస్_ఐఈసీ-3-జీడబ్ల్యూ" రేట్‌లిమిట్ 600
 యాక్షన్ 1.0 సీఎల్ఐ కమాండ్ "ఎనేబుల్"
 యాక్షన్ 2.0 సీఎల్ఐ కమాండ్ "షో లాగింగ్ | అపెండ్ బూట్‌ఫ్లాష్:కాల్‌ట్రేస్"

ఐఈసీ ఎర్రర్ లాగ్‌లో పడిన క్షణంలోనే బఫర్ మొత్తాన్ని ఫైల్‌కు ఎక్కిస్తుంది. రేట్‌లిమిట్ మరవొద్దు. అది లేకపోతే ఎర్రర్లు వరసగా వచ్చినప్పుడు ఫ్లాష్ నిండిపోతుంది.

## కాల్‌ను లెగ్ నుంచి లెగ్‌కు అనుసరించడం

క్యూబ్ రెండు లెగ్‌లను విడివిడిగా నడుపుతుంది కాబట్టి లోపలికి వచ్చిన ఇన్వైట్ కాల్-ఐడీ, బయటికి పోయినదాని కాల్-ఐడీ ఒకటి కావు. ఒక దానితో వెతికితే సగం కాలే దొరుకుతుంది. రెండింటినీ కలిపేది జీయూఐడీ, అంటే కాల్ మొత్తానికి ఉండే ఒకే గుర్తు. సీసీఏపీఐ డీబగ్‌లో అది హెక్స్‌లో కనిపిస్తుంది, ఇన్వైట్‌లోని సిస్కో-గైడ్ హెడర్‌లో మాత్రం గీతలతో విడదీసిన నాలుగు దశాంశ సంఖ్యలుగా ఉంటుంది. ఒక్కో సంఖ్యను విడిగా హెక్స్‌లోకి మారిస్తే రెండూ సరిపోతాయి. డీబగ్ లైన్లలో ఇది కుదించి కనిపిస్తుంటే "వాయిస్ కాల్ డీబగ్ ఫుల్-గైడ్" పెట్టండి. ఆర్ఎఫ్‌సీ 7989 చెప్పిన సెషన్-ఐడీ హెడర్ దారిలోని పరికరాలన్నీ పాటిస్తుంటే ఇంకా సుఖం, అది ఈ చివర నుంచి ఆ చివర దాకా సాగుతుంది.

## ట్రేస్ చదవడం

కాల్ ఎంతసేపటికి తెగిందన్నదే చాలాసార్లు సగం జవాబు. కలిసిన 32 సెకన్లకు ప్రతిసారీ తెగుతోందంటే యాక్ కోసం చూడండి. 200 ఓకే పంపినవాళ్లకు యాక్ అందకపోతే, టీ1కి 64 రెట్లు, అంటే 32 సెకన్ల పాటు 200 ఓకేను మళ్లీ మళ్లీ పంపి ఆ తర్వాత బై ఇస్తారు. 200 ఓకే కాంటాక్ట్ హెడర్‌లో (తర్వాతి మెసేజ్‌లు ఎక్కడికి పంపాలో చెప్పేది) బయటి నుంచి చేరలేని అడ్రస్ ఉండటం, లేదా మధ్యలో ఫైర్‌వాల్ యాక్‌ను మింగేయడం, ఈ రెంటిలో ఒకటి సాధారణంగా బయటపడుతుంది.

పదిహేను నిమిషాలకో అరగంటకు కాస్త ముందో తెగితే సెషన్ టైమర్ (కాల్ ఇంకా బతికుందా అని సరిచూసుకునే గడువు) మీద అనుమానం పెట్టుకోండి. ఆర్ఎఫ్‌సీ 4028లో సిఫారసు చేసిన విలువ 1800 సెకన్లు. రిఫ్రెష్ చేయాల్సినవాళ్లు సగం సమయానికి, అంటే 900 సెకన్లకు, రీఇన్వైట్ గానీ అప్‌డేట్ గానీ పంపుతారు. దాన్ని అవతలివైపు తిరస్కరిస్తే కాల్ అక్కడే పోవచ్చు. రిఫ్రెష్ అసలు రాకపోతే, ఎదురుచూసేవాళ్లు గడువుకు 32 సెకన్ల ముందు, 1768వ సెకను దగ్గర బై పంపుతారు. ట్రేస్‌లో సెషన్-ఎక్స్‌పైర్స్ హెడర్, అందులో రిఫ్రెషర్ ఎవరని ఉందో చూస్తే బాధ్యత ఎవరిదో తేలుతుంది.

488 (ఈ ఆడియో కుదరదన్న తిరస్కరణ) వస్తే ఇన్వైట్ ఎస్‌డీపీలోని కోడెక్‌లను అవతలివైపు ఒప్పుకునేవాటితో పోల్చండి. 503 (సేవ అందుబాటులో లేదన్న జవాబు) వస్తే రీజన్ హెడర్ ఉందేమో వెతకండి, అందులో క్యూ.850 కారణం ఉంటే అసలు కథ అదే చెబుతుంది.

ఒకవైపే మాట వినిపించడం సిగ్నలింగ్‌లో సగమే కనబడుతుంది. ఎస్‌డీపీలో సీ లైను అడ్రస్, ఎమ్ లైను పోర్ట్ రెండువైపులా రాసుకోండి. బయటికి పోయే ఎస్‌డీపీలో 10తోనో 192.168తోనో మొదలయ్యే, లోపలి నెట్‌వర్క్‌లోనే చెల్లే అడ్రస్ ఉంటే కారణం దొరికినట్టే. అడ్రస్‌లు బాగానే ఉంటే కాల్ నడుస్తుండగా "షో కాల్ యాక్టివ్ వాయిస్ బ్రీఫ్"ను కొన్ని సెకన్ల తేడాతో రెండుసార్లు కొట్టి ప్యాకెట్ల లెక్క పెరుగుతుందో లేదో చూడండి. 20 మిల్లీసెకన్ల ప్యాకెట్లయితే సెకనుకు 50 చొప్పున పెరగాలి.

అప్పటికీ తేలకపోతే ప్యాకెట్లనే పట్టాలి.

మానిటర్ క్యాప్చర్ క్యాప్ ఇంటర్‌ఫేస్ గిగాబిట్‌ఈథర్నెట్0/0/0 బోత్
మానిటర్ క్యాప్చర్ క్యాప్ మ్యాచ్ ఐపీవీ4 ప్రోటోకాల్ యూడీపీ ఎనీ ఎనీ
మానిటర్ క్యాప్చర్ క్యాప్ బఫర్ సర్క్యులర్ సైజ్ 50
మానిటర్ క్యాప్చర్ క్యాప్ స్టార్ట్

ఎనీ బదులు ట్రంక్ అడ్రస్ ఇస్తే బఫర్ ఎక్కువసేపు నిలుస్తుంది. కాల్ అయ్యాక "స్టాప్", ఆపైన "ఎక్స్‌పోర్ట్ బూట్‌ఫ్లాష్:" అని ఫైల్ పేరు. ఆ ఫైల్‌ను వైర్‌షార్క్‌లో తెరిస్తే ఆర్‌టీపీ ధారలో ఎక్కడ ప్యాకెట్లు పోయాయో, జిట్టర్ (ప్యాకెట్ల రాకలో హెచ్చుతగ్గులు) ఎంతో కనిపిస్తుంది. జీ.711 కోడెక్‌లో ఉన్న మాటలను అందులోనే వినొచ్చు. అలా వినగలరు కాబట్టే ఆ ఫైల్ ఎవరి చేతికి వెళ్తుందన్నది పెద్ద విషయం.

## ట్రేస్‌ను బయటికి పంపే ముందు

కాల్ ట్రేస్‌లో మనుషుల ఫోన్ నంబర్లు ఉంటాయి. డీటీఎంఎఫ్ డీబగ్ ఆన్‌లో ఉండగా ఎవరైనా బ్యాంకుకు ఫోన్ చేసి పిన్ నొక్కితే ఆ అంకెలు లాగ్‌లో పడతాయి. ఎస్‌ఆర్‌టీపీ (ఇతరులు వినకుండా గుప్తంగా మార్చిన ఆర్‌టీపీ) వాడే ట్రంక్‌లో, తాళంచెవిని ఎస్‌డీపీలోనే పంపే పద్ధతి ఉంటే, క్రిప్టో లైనులో ఆ కాల్ తాళంచెవి అక్షరాలా ఉంటుంది. అది దొరికినవాళ్లు పట్టుకున్న ప్యాకెట్లను విప్పి వినగలరు. కాబట్టి ఫైల్‌ను ట్రంక్ కంపెనీకి పంపే ముందు సమస్య ఉన్న కాల్‌ను మాత్రమే జీయూఐడీ ఆధారంగా వేరు చేయండి. క్రిప్టో లైను, ఆథరైజేషన్ హెడర్ తీసేయండి. పంపే ఉత్తరంలో టైమ్‌జోన్‌తో సహా కాల్ సమయం, రెండు నంబర్లు, మీ వైపు లెగ్ కాల్-ఐడీ, మీరు ఏ మెసేజ్ దగ్గర తేడా చూశారో రాయండి. వాళ్ల ఇంజనీరు తన లాగ్‌లో అదే కాల్‌ను వెతకడానికి కావలసినవి ఇవే.

పంపాక గేట్‌వేకు తిరిగి వచ్చి "షో డీబగ్గింగ్" కొట్టండి, ఏమీ మిగలకూడదు. "నో డీబగ్ కండిషన్ మ్యాచ్-లిస్ట్ 1"తో వడపోత తీసేయండి. ట్రాప్ లెవెల్‌ను ఇన్ఫర్మేషనల్‌కు దించండి. ప్యాకెట్ క్యాప్చర్‌ను, ఫ్లాష్‌లో మిగిలిన ట్రేస్ ఫైళ్లను చెరిపేయండి.